పన్నెండో ఇల్లు

“ఈ ఇల్లు అమ్మితే నేను రానండి. నందిగామలో మీరొక్కరే పాలు పొంగించుకోండి” అంది ఉషశ్రీ, కాఫీ గ్లాసు టక్కున భర్త ముందు పెట్టి.

రాంబాబు తలెత్తలేదు. “పొద్దున్నే మొదలెట్టావా? ఇది అమ్మకపోతే నందిగామ షాపులకి, వాటి పైన మన ఇంటికి స్లాబు ఎట్టా పడుద్ది? బ్రోకరు తిరుపతిరావు పార్టీని తీసుకొస్తున్నాడు. కాస్త నవ్వుతూ మాట్లాడు, చాలు.”

రాంబాబుది ఇళ్లు కట్టి అమ్మే పని. కట్టిన ఇంట్లో పాలు పొంగించి కాపురం పెట్టడం, బేరం కుదరగానే సామాను ట్రాక్టరుకెక్కించి తర్వాతి ఇంటికి మారడం. సంసారం ఉన్న ఇల్లయితే కొనేవాళ్లు ముచ్చటపడతారని అతని నమ్మకం. ఇరవై రెండేళ్లలో ఇది పన్నెండోది.

ఆ ఇళ్లన్నీ ఉషశ్రీ కళ్లలోనే ఉన్నాయి. చిల్లకల్లు ఇంట్లో కూతురు మైథిలి తొలి అడుగులు వేసింది. అప్పట్లో నందిగామలో కట్టిన ఇంట్లో వాన పడుతుంటే వసారాలో కూర్చుని అత్తగారు చింతకాయ పచ్చడి నూరేది. ఇప్పుడు బస్సులో పోతుంటే ఆ కిటికీలకు ఎవరివో కర్టెన్లు కనబడతాయి. ప్రాణం ఉసూరుమంటుంది. ఏ ఇంట్లోనూ బెండ, తోటకూర తప్ప వేసి ఎరగదు. చెట్టు కాపుకొచ్చేదాకా ఉంటామన్న ధీమా ఎక్కడిది? ఈ జగ్గయ్యపేట ఇంట్లోనే మొండికేసి సపోటా మొక్క నాటింది. నిన్న మొదటి పిందె కనిపించింది. ఇక కదలాలని లేదు ఆమెకు.

పది గంటలకు జగన్నాథరావు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు. గోడలు తట్టి చూశారు, కుళాయిలు తిప్పి చూశారు. “పని శుభ్రంగా ఉందయ్యా” అన్నారు. ఉషశ్రీ గుండె జారిపోయింది.

రాంబాబు మొహం మాత్రం వెలిగింది. తన పనికి వంక పెడితే ఊరుకునే మనిషి కాదతను. పోయిన నెల తలుపు కిర్రుమంటోందన్న పాపానికి ఒకాయన్ని గేటు దాకా సాగనంపి మరీ దులిపేశాడు.

“డాబా కూడా చూద్దురు రండి మాస్టారూ.”

మెట్లెక్కబోతూ అతను సపోటా మొక్క దగ్గర ఆగి, దానివంకే కాసేపు చూశాడు. అది కొట్టేయిస్తే కారు షెడ్డు వస్తుందని చెప్పడానికి కాబోలు అనుకుంది ఉషశ్రీ. ఆమెకు ఏడుపొచ్చింది.

ఇద్దరూ కిందికి దిగాక, తిరుపతిరావు పిలిస్తే రాంబాబు గేటు దగ్గరికి వెళ్లాడు. ఇదే సందు. మండుటెండల్లో వీధి మొత్తానికీ నీళ్లిచ్చిన బోరు మీద అబద్ధమాడాలంటే ఉషశ్రీకి మనసొప్పలేదు. అయినా మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ముందుకొచ్చింది.

“మాస్టారూ, ఒక్క మాట. ఎండాకాలం మా బోరు ఎండిపోద్దండి. నేను చెప్పానని ఆయనతో అనకండి.”

జగన్నాథరావు గ్లాసు అందుకోలేదు. ఆమె వంక జాలిగా చూశారు.

“బోరు కూడానా తల్లీ? ‘మా ఆవిడతో అనకండి’ అంటూ ఇందాక డాబా మీద మీవారే చెప్పారు, స్లాబు కారుద్దని, తను కట్టినవాటిల్లో ఇంత నాసిరకం ఇల్లు ఇంకోటి లేదని!”