పలకరింపు

హెడీ వచ్చి గోడవార కుర్చీలో కూర్చుంది. పొట్టి స్టూలు మీద, మొన్న పోయిన లియో భార్య మైరా తల వంచుకుని ఉంది. యూదుల ఇళ్లలో, దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా పలకరించడానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదు.

హెడీ లియో మొదటి భార్య. విడాకులై ముప్పై ఏళ్లయింది. ఆచారం ప్రకారం ఆమెకి ఏడ్చే వరస లేదు.

చాలాసేపటికి మైరా తలెత్తి ఆమెనే చూసింది.

"లియో చేప ఉండల్లో పంచదార వెయ్యమనేవాడు. ఆ జబ్బు మీరు అంటించిందేనా?"

"మా అత్తగారు. నేను వెయ్యనంటే పక్కింటికెళ్లి తినొచ్చాడు."

మైరా నవ్వబోయి ఆగింది. "వయసులో ఎలా ఉండేవాడు? నాకు దొరికేసరికే బట్టతల, బీపీ."

"ఎర్రటి జుట్టు. మెల్‌బోర్న్ ట్రాములో అందరికీ వినపడేలా పాడేవాడు. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని."

"పాడేవాడా? నా దగ్గర ఒక్కసారీ పాడలేదు."

"నా దగ్గరున్నప్పుడే మానేశాడు," అంది హెడీ నెమ్మదిగా.



పలకరించడానికి వచ్చిన ముసలి సస్‌మన్ వెళ్లడానికి లేచి, మైరా ముందు వంగాడు. "యెరూషలేము కోసం దుఃఖించేవాళ్లందరితో పాటు దేవుడు నిన్నూ ఓదార్చుగాక," అన్నాడు. సొంతవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి మాత్రమే చెప్పే మాట అది. హెడీకి ఊరికే తలూపి, గుమ్మం వైపు తిరిగాడు.

"సస్‌మన్ గారూ," అంది మైరా. "ఆమెకీ చెప్పి వెళ్లండి."

ఆయన వెనక్కి వచ్చేలోపే హెడీ చేతిసంచీలో రుమాలు వెతుక్కుంటోంది.