మధుసూదన్ మునక

మొదటిసారి ముంచినప్పుడు మోచెయ్యి పైకి తేలింది. చెల్లదన్నారు.

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో, మోర్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల చాపెల్ అది. వెనకగదిలో, నడుంలోతు నీళ్ల తొట్టిలో, తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కాతో నిలబడి మధుసూదన్ పళ్లు నూరుకున్నాడు. బాప్తిస్మమంటే మనిషి మొత్తం మునగాలి. వేలికొస తేలినా మళ్లీ మొదలు. అది చూడ్డానికే గట్టున ఇద్దరు సాక్షులుంటారు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. యూనివర్సిటీలో మోర్మన్ల మీద పాఠాలు చెప్పేది ఆయనే. వాళ్ల ఆచారాలు ఎప్పుడు, ఎవరి అవసరం కొద్దీ పుట్టాయో ఆధారాలతో సహా పుస్తకం రాసిందీ ఆయనే.

రెండోసారి ముంచారు. ఈసారి మోచెయ్యి బుద్ధిగా మునిగింది.

ఇసుమంతైనా నమ్మకం లేని మనిషికి ఈ మునక ఎందుకయ్యా అంటే, కావ్యశ్రీ కోసం.

కావ్యశ్రీ ఆయన భార్య. రాజమండ్రిలో కాలేజీ రోజుల్లోనే ఆ సంఘంలో చేరింది. పెళ్లయ్యాకా వదల్లేదు. ఇంట్లో గొడవ రాకుండా ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. ప్రతి ఆదివారం ఆయన ఆమెను చాపెల్ దగ్గర కారులో దింపాలి. ఆమె ఆయన రాతల జోలికి పోకూడదు.

"మీరు రాసుకోండి. నేను మీకోసం ప్రార్థన చేసుకుంటాను," అనేది నవ్వుతూ.

"కానియ్. పోయేదేముంది?" అనేవాడు.

ఆమె కోరిక ఒక్కటే. దూరాన హామిల్టన్‌లో వాళ్ల పెద్ద గుడి ఉంది. అక్కడ భార్యాభర్తలకి ముద్ర వేస్తే ఆ బంధం చావుతో తెగదని నమ్మకం. చచ్చాక కూడా కలిసే ఉంటారు. కానీ ఇద్దరూ సంఘం మనుషులై ఉండాలి. ఆమె ఒక్కతే ఆ గుడికి వెళ్లొచ్చింది. ఈయన్నీ రమ్మని ఏళ్ల తరబడి బతిమాలింది. ఈయన ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగాడు.

పోయిన చలికాలం క్యాన్సర్ బయటపడింది. డాక్టర్లు పెదవి విరిచారు. అప్పట్నుంచి ఆమె అడగడం మానేసింది.

ఆ మానెయ్యడమే ఆయన్ని నిలువునా కోసేసింది. చాపెల్‌కి వెళ్లడమూ మానేసింది. ఓపిక లేకేమో అనుకున్నాడు. సంఘం ఆడవాళ్లూ రావడం లేదు. రోగం చూసి ముఖం చాటేశారని ఆయన మండిపడ్డాడు.

"వాళ్లనేం అనకండి. నేనే రావద్దన్నాను," అంది.

చివరికి ఒకరోజు ఆయనే బిషప్ తెవిత దగ్గరికి వెళ్లాడు. తెవితది టోంగా దీవి. నిదానస్తుడు.

"మీ ఆవిడ కోసమైతే మాత్రం వద్దు," అన్నాడు తెవిత.

"కాదు. నా కోసమే. నాకు నమ్మకం కుదిరింది."

బతుకంతా ఆధారం లేని మాట ఒక్కటి రాయని మనిషి, గొంతు తడబడకుండా అబద్ధమాడేశాడు. తెవిత ఏదో అనబోయాడు. మళ్లీ ఏమనుకున్నాడో, ఊరుకున్నాడు.

బాప్తిస్మం అవగానే మధుసూదన్ తడి జుట్టుతోనే, చివరి రోజుల్లో ఉన్న రోగుల్ని చూసుకునే హాస్పిస్‌కి వెళ్లాడు. కావ్యశ్రీ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగానికి సగం అయిపోయింది. సంగతి చెప్పాడు.

ఆమె ఆయన తడి జుట్టు వంక చూసింది.

"నాకోసం చేశారా?"

"లేదు, శ్రీ. నిజంగానే నమ్ముతున్నాను."

ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. సంతోషమే అనుకున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు.

"కొత్తగా చేరినవాళ్లు గుడికి వెళ్లాలంటే ఏడాది ఆగాలట. ఫర్వాలేదు. నువ్వు ముందు వెళ్లినా, నీ బదులు ఇంకొకావిడ నిలబడుతుంది. ముద్ర వేయిస్తాను. నీ వెనకాలే వస్తాను."

ఆమె ఆయన తల నిమిరింది.

"ఈ నమ్మకం మాత్రం వదులుకోకండి. నేను లేనప్పుడు మీకు తోడుంటుంది."

ఆయన వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆయన లెక్కలో పోతే పోవడమే, మళ్లీ ఎక్కడా కనపడదు. అంత మాట ఆమెకి తెలియకూడదు. ఆ బరువేదో తానొక్కడే మోస్తే చాలనుకున్నాడు.

గురువారం పొద్దున కావ్యశ్రీ పోయింది.

గుడికి వెళ్లొచ్చిన ఆడమనిషి పోతే, సంఘం ఆడవాళ్లే వచ్చి గుడిలో వేసుకునే తెల్లబట్టలు తొడిగి సాగనంపుతారు. ఆమె తెల్లబట్టల కోసం మధుసూదన్ ఇంట్లో అలమరలన్నీ వెతికాడు. దొరకలేదు. తెవితకి ఫోన్ చేసి, కొత్తవి తెమ్మన్నాడు. నమ్మినా నమ్మకపోయినా, ఈ ఒక్కటైనా ఆమె కోరుకున్నట్టు జరగాలి. ఆయనకి మిగిలింది అదొక్కటే.

తెవిత ఒక్కడే వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు.

"ఆడవాళ్లేరి? బట్టలేవి?"

తెవిత కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఆ బట్టలు ఆమెకి వెయ్యకూడదు, బ్రదర్. నీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకుంది. చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా, 'ఆయనకిప్పుడే నమ్మకం కుదిరింది, నావల్ల చెడకూడదు' అంది."

"ఏం చెప్పొద్దంది?"

"నీ పుస్తకం చదివి, పోయిన చలికాలమే ఆమె మా సంఘంలోంచి తన పేరు తీయించేసుకుంది."