వినే నేర్పు

ఉదయం పదకొండు ఇరవైకి, ఫ్యాక్టరీలో ఎవరిని తగ్గించవచ్చో తేల్చడానికి వచ్చిన కన్సల్టెంటుకు ప్యాకింగ్ మేస్త్రీ దాచిన సంగతి చెప్పేశాడు. అతని సెక్షన్‌లో ఆరుగురి పని రెండు నెలలుగా ఐదుగురే చేస్తున్నారు.

ఆమె పెన్ను పక్కన పెట్టింది. "ఆరో మనిషి ఏమైంది బాబాయ్?"

"లేబుళ్ళు అంటించే అమ్మాయమ్మా. ఆపరేషనై సెలవులో ఉంది. తన పని తలా కాస్త పంచుకున్నాం. వచ్చిన రోజు నుంచీ నా మోకాలినొప్పి గురించి అడుగుతున్నారు, మీ దగ్గర దాపరికమేంటి!"

"పెట్టెలు ఆలస్యం కాలేదా?"

"ఒక్కటి కూడా కాలేదు. ఆ పిల్ల లేదని లోడింగ్ వాళ్ళకే తెలీదు!" మేస్త్రీ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎవర్ని తీసినా తన జోలికి మాత్రం వెళ్ళకండి. దణ్ణం పెడతాను."

"అయ్యో, అవేం మాటలు? తన ఉద్యోగానికి నాది పూచీ."

అతను వెళ్ళాక ఆమె పై అధికారి పక్క గదిలోంచి వచ్చాడు.

"ఇరవై నిమిషాల్లో రాబట్టావే! మరి ఆ పూచీ ఎందుకు?"

"వైద్య సెలవులో ఉన్నవాళ్ళని చట్టం తీయనివ్వదు సార్. ఐదుగురు చాలని ఆయనే చెప్పాడు. పనిచేస్తున్న ఐదుగురిలో జీతం ఎక్కువ ఆయనదే."

నాలుగింటికి నోటీసు అంటించారు. మేస్త్రీ అందులో లేబుళ్ళమ్మాయి పేరు కోసం వెతికాడు. ఉన్నది ఒక్క పేరే, అతనిది.