మైకు పక్కన ముసలాయన

నూకరాజు దుప్పటి తన్నేసి లేచి కూర్చున్నాడు.

కిటికీకి ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన మైకు గొట్టం సరిగ్గా అతని మంచం మీదికే గురిపెట్టి ఉంది. అందులోంచి ఆడవాళ్ళ పెళ్ళిపాటలు చెవుల్లో మేకులు కొడుతున్నట్టు వస్తున్నాయి.

“ఇయ్యాల్టితో అయిపోద్దట. కాసేపు తొంగో,” అంది భార్య పైడమ్మ.

“ఎలా తొంగునేదే? రాత్రికి మళ్ళీ డూటీ.”

ఆ మాటతో పైడమ్మ ముఖం చిన్నబోయింది. నూకరాజుది రాయపూర్ రైల్వే యార్డులో పాయింట్లు మార్చే పని. ఏ బండి ఏ లైను మీదికి వెళ్ళాలో అతని చేతిలో ఉంటుంది. పోయిన వారం డ్యూటీలో కునుకు తీస్తూ ఇన్‌స్పెక్టరు కంట పడ్డాడు. ఇంకోసారి దొరికితే మీ ఊరు పంపించేస్తానన్నాడాయన. ఊళ్ళో చేసుకోవడానికి ఏమీ లేకే కదా, విజయనగరం నుంచి భాష రాని ఈ చోటికి వచ్చి పడ్డారు.

ఎదురింట్లో ఛత్తీస్‌గఢీ వాళ్ళ పెళ్ళి. పసుపు రాసిన నాటి నుంచీ ఇదే మోత. పెళ్ళి వాళ్ళింట్లో అయితే చిల్లులు మన చెవులకెందుకో నూకరాజుకి ఎంత ఆలోచించినా బోధపడలేదు. లుంగీ బిగించి బయల్దేరాడు.

పందిట్లో మైకు సెట్టుని ఆనుకుని ఒక ముసలాయన కూర్చున్నాడు. పాత బనీను, పసుపు మరకల పంచె. సెట్టుకి కాపలా మనిషని నూకరాజు తేల్చేసుకున్నాడు. పెళ్ళింట పెద్దవాళ్ళయితే పట్టుపంచెలు కట్టుకుని పీటల దగ్గర ఉంటారు గానీ, వైర్ల మధ్య కూర్చుంటారా?

వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ కూడదీసుకుని మోత తగ్గించమన్నాడు.

ముసలాయన అతని ముఖం వంకే చూశాడు. నవ్వాడు. తల ఊపి మీట తిప్పాడు. మోత తగ్గింది.

ఇంత సులువా అనుకుంటూ నూకరాజు ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నాడో లేదో, మైకు మళ్ళీ మొదటికొచ్చింది.

మళ్ళీ వెళ్ళాడు. ముసలాయన మళ్ళీ నవ్వాడు, తల ఊపాడు, తగ్గించాడు. పైగా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, విస్తరాకులో వేడి వేడి మినప వడలు పెట్టించాడు. అచ్చం మన గారెలే. దెబ్బలాటకి వెళ్ళిన నూకరాజు కడుపు నిండా తిని వచ్చాడు.

మంచం ఎక్కగానే మళ్ళీ అదే మోత.

“ఏటంతాడు ఆ తాత?” అంది పైడమ్మ.

“సరేనంతాడు. గారెలెడతాడు. నానిటు రాగానే పెంచేత్తాడు. ఈ మనుసులు నాకర్దం కారే.”

నూకరాజుకి నిజంగానే ఏడుపొచ్చింది. తనని ఆట పట్టిస్తున్నారా, ఇక్కడ మర్యాదంటే ఇంతేనా, ఏదీ తేలలేదు. మధ్యాహ్నం తిరిగింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఈసారి వెళ్ళేసరికి హిందీ ఒక్క ముక్క నోటికి రాలేదు. కోపానికి తెలుగే వచ్చింది.

“తాతా, నువ్వు నవ్వకు. రాత్రి నాను తూలితే ఒక బండెల్లి ఇంకో బండిని గుద్దేద్ది. జనం సచ్చిపోతారు. నా ఉజ్జోగం ఊడిపోద్ది. నా పిల్లలకి నువ్వెడతావా కూడు?”

రెండు చేతులూ చెంప కింద పెట్టి నిద్ర చూపించాడు. యార్డు వైపు చూపించాడు. ఆఖరికి తన పొట్ట కొట్టుకుని చూపించాడు.

ముసలాయన నవ్వు ఆగిపోయింది. అతని ఎర్రటి కళ్ళ వంక చూశాడు, ఒకసారి ఇంటి లోపలికి చూశాడు. తర్వాత లేచి, తన చేత్తోనే సెట్టు వైరు పీకేశాడు. సెట్టు నడిపే మీసాలాయన ఏదో చెప్పబోతే వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు.

నూకరాజు ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

లేచేసరికి పొద్దు వాలుతోంది. ఒళ్ళు తేలికపడగానే, ముసలివాణ్ణి పట్టుకుని నోటికొచ్చినట్టు అనేశానే అని మనసు పీకింది. డ్యూటీకి వెళుతూ ఒక మంచి మాట చెప్పి పోదామని పందిట్లోకి వెళ్ళాడు. ఊరవతలి టాటీబంధ్ నుంచి వచ్చిన మగపెళ్ళివారు పిల్లని తీసుకుని అప్పుడే వెళ్ళిపోయారట. మీసాలాయన వైర్లు చుడుతున్నాడు.

మీ మనిషేడీ అని నూకరాజు అడిగాడు. సెట్టుకి నేను తప్ప ఇంకో మనిషి లేడే అన్నాడు అతను. మరి మోత తగ్గించి మళ్ళీ పెంచిన ముసలాయనెవరని నూకరాజు నిలదీశాడు.

“ఆయన తగ్గించేవాడే భయ్యా. పెంచమని లోపల్నుంచి కబురు పెట్టింది పెళ్ళికూతురు,” అన్నాడు మీసాలాయన, అర్థమయ్యేలా చేతులతో చూపిస్తూ. “వంతెనలకి రివెట్లు కొట్టి కొట్టి ఆయన చెవులు పోయాయి. అంత మోత పెట్టి, పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే గానీ పాట అందదు. తనని సాగనంపే పాటొక్కటైనా ఆయనకి వినపడాలని ఆ పిల్ల పట్టు. అందుకే మైకు పెట్టించింది.”

నూకరాజు స్తంభం మీది మైకు గొట్టం వంక చూశాడు.

“మరి... ఆ పాట పాడలేదా?”

“పాడారు. వైరు మాత్రం పెట్టనివ్వలేదు. ఎదురింటాయన నిద్రపోతున్నాడన్నాడు.”

పాటలో ఒక్క ముక్క చెవిన పడకపోయినా, పాడుతున్న ఆడవాళ్ళ పెదాల వంకే చూస్తూ పెళ్ళిబండి వెంట వీధి చివరిదాకా నడిచాడట ఆ పిల్ల కన్నతండ్రి.