బార్లీ నూక

"పొట్టు చిరిగిపోయిందబ్బాయ్," అన్నాడు నాగేశ్వర, అరచేతిలో బార్లీ నూక పరిచి కిటికీ వెలుగులో చూస్తూ. "ఇలాగైతే బీరు వగరెక్కుద్ది."

మంచం అంచున కూర్చున్న పెంచల్ ప్లాస్టిక్ సంచి మూతి పట్టుకుని విన్నాడు. "పోయిన వారం గింజ పగల్లేదంటివి గదన్నా. మర బిగిచ్చమంటివి."

"బిగించమంటే మరీ ఇంత బిగించేస్తారా? ఇప్పుడు కాస్త వదులు చెయ్యి."

నూక చూడ్డంలో నాగేశ్వరని మించినవాడు కువైట్‌లోని ఈ మంగఫ్‌లో లేడు. కోనసీమలో పన్నెండేళ్ళు రైసు మిల్లులో పనిచేశాడు. కువైట్ వచ్చి షుఐబాలో కాంట్రాక్టు పనికి కుదిరాక, గదిలో ఉండే రమేష్‌బాబు దొంగచాటుగా బీరు కాచేవాడు. గింజలు పట్టే పని నాగేశ్వరది. పొట్టు చిరక్కూడదు, లోపలి గింజ మూడు నాలుగు ముక్కలవ్వాలి, పిండి రాలకూడదు. ఆ రమేష్‌బాబు పని ఖలాస్ అయి ఊరెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ అంతే. నాలుగు మంచాల గదిలో నాగేశ్వర ఒక్కడే మిగిలాడు. కంపెనీ బస్సు దిగింది మొదలు మళ్ళీ బస్సెక్కేదాకా పలకరించే దిక్కు లేదు. శుక్రవారం సెలవు వస్తోందంటే భయమేసేది.

పెంచల్‌ది కడప వైపు. రుమైథియాలో, వీసా ఇచ్చిన యజమాని కఫీల్ ఇంట్లో డ్రైవరు. నూక సంగతి తెలిసినాయన ఉన్నాడని ఎవరో చెబితే నెల కిందట వెతుక్కుంటూ వచ్చాడు. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, చేతి మరలో పట్టానని, సరిగ్గా పగిలిందో లేదో చూడమని గుప్పెడు నూక చేతిలో పెట్టాడు.

అది చక్కగా పగిలింది. ఆ మాట చెబితే టీ తాగి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు. నాగేశ్వర సిగ్గు విడిచి అబద్ధమాడాడు. పిండి ఎక్కువైందన్నాడు.

ఇది నాలుగో శుక్రవారం. వంక పెట్టడమే కష్టంగా ఉంది. మర ఎలా తిప్పమన్నా మనిషి సరిగ్గానే పట్టుకొస్తున్నాడు. ఒకసారి గింజ కొరికితే మొలకెత్తిన గింజకుండే తీపి తగల్లేదు. మొలక సరిగ్గా రాలేదనుకున్నాడు గానీ, ముందు ముందు పనికొస్తుందని ఆ వంకని దాచుకున్నాడు.

మధ్యాహ్నం ఇద్దరూ పప్పుచారు వేసుకుని తిన్నారు. ఇంటి యజమానురాలు మామా అరబ్బీలో తిడుతుంటే, అర్థం కాక తను సలాం పెట్టిన సంగతి చెప్పాడు పెంచల్. నాగేశ్వర పొలమారేలా నవ్వాడు. వారం మొత్తానికి అదే నవ్వు.

బస్సు వేళయింది. పెంచల్ లేచాడు. ఈ ఎండలో గంటసేపు బస్సులో నిలబడి వచ్చి, మళ్ళీ గంటసేపు వెళ్ళాలి. బీరు కాస్తున్నాడని బయటపడితే దేశం దాటిస్తారు. తనకి తోడు కావాలని ఇంకొకణ్ణి ఇలా తిప్పుతున్నందుకు నాగేశ్వరకి మనసు చివుక్కుమంది.

"ఆగబ్బాయ్. ఇందాక సరిగ్గా చూళ్ళేదు." మళ్ళీ నూక తీసి చూశాడు. "బాగానే పగిలింది. ఇంక కాచేసుకో."

సంతోషిస్తాడనుకున్నాడు. పెంచల్ మొహం వాడిపోయింది.

"బాగుండాదా?"

"బాగుంది."

"అయితే ఇంగ సూపిచ్చే పన్లేదా అన్నా?"

"లేదు."

పెంచల్ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. మళ్ళీ తీశాడు. వెనక్కొచ్చి నాగేశ్వర అరచేతిలోకి తొంగిచూశాడు.

"ఇంగోసారి సరింగా సూడన్నా. పిండి రవ్వంత ఎక్కువున్నట్టు లేదూ?"

నాగేశ్వర చూశాడు. పిండి లేదు.

"ఉంది," అన్నాడు. "ఎక్కువే ఉంది."

"నేననుకుంటానే ఉండా. వచ్చే శుక్రవారం మళ్ళా పట్టుకొస్తాలే."

పాపం, పనంటే ఎంత పట్టుదలో అనుకున్నాడు నాగేశ్వర. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఇంకో ఏడు రోజులు ఎలాగోలా గడిచిపోతాయి.

వెలుగుండగానే పెంచల్ రుమైథియాలో దిగాడు. కఫీల్ ఇంటి వెనక్కి వెళ్ళి, సంచి ఖాళీ చేసి దులిపాడు.

గొర్రెల దాణా బస్తాలోంచి ఎప్పట్లాగే ఒక గుప్పెడు బార్లీ నూక తీసి అందులో పోసుకున్నాడు.