బాలింత జాడీ

"గరిటెతో కాదే, చేత్తో కలుపు," అంది అత్తగారు ఎంగ్, వంటింటి గడప అవతల కుర్చీలో కూర్చుని.

వెదురు చేటలో ఆవిరి మీద ఉడికిన జిగట అన్నం ఆరుతోంది. పక్కనే వైనుకి రంగునిచ్చే ఎర్రటి పులిసిన బియ్యపు గింజలు, నూరిన ఈస్టు బిళ్లలు. కోడలు ఫుయ్‌జిన్ చేతులు కడిగి తుడుచుకుంది గానీ, చెయ్యి పెట్టడానికి ధైర్యం చాలలేదు.

"మా పుట్టింటి హక్కా వాళ్లకి ఈ ఎర్ర వైను చెయ్యడం రాదత్తయ్యా. మీరొక్కసారి చెయ్యేసి చూపించకూడదూ?"

"నా చెయ్యి పడితే నీ చేతి వైను ఎలా అవుతుంది? ముందిది చెప్పు. కడుపుతో ఉన్న మనిషి వైను జాడీ ముట్టుకుంటే పాడైపోతుంది. నీకేమైనా విశేషమా?"

ఫుయ్‌జిన్ తల వంచుకుంది. "లేదత్తయ్యా."

"అయితే కలుపు."

ఆ మాట చురుక్కున తగిలింది. సిబు ఊళ్లో ఏ ఫూచౌ చైనీయుల ఇంట్లోనైనా ఇంత పెద్ద జాడీ నింపేది బాలింత కోసమే. కోడి పులుసులో ఆ వైను పోసి, సన్న సేమ్యాతో నెల పొడుగునా పెడతారు. తనకి పెళ్లయి ఏడాది దాటింది. నెలనెలా ఆశ పడటం, స్నానాల గదిలో ఏడ్చుకోవడం. ఇప్పుడు అత్తగారు జాడీ ఎదురుగా పెట్టి, మనవడేడని అడక్కుండానే అడుగుతోందని అనుకుంది.

కలిపిందంతా జాడీలోకి ఎత్తి, గుడ్డ కట్టి మూల పెట్టింది. రోజూ చెవి ఆనించి వినేది.

"ఏమంటోంది?" అనేది ఎంగ్, గడప అవతల నుంచే.

"గుసగుసలాడుతోందత్తయ్యా."

"మంచిదే. దాని దగ్గర విసుక్కోకు, అలుగుతుంది."

పద్దెనిమిదేళ్లకే ఆ ఇంటి కోడలైన ఎంగ్ తలలో ఇంకా ఒక్క తెల్ల వెంట్రుక లేదు. అలాంటి మనిషి ఈమధ్య కొడుకు వదులు చొక్కాలు తొడుక్కుని, ఉప్పు రేగుపళ్లు చప్పరిస్తూ కుర్చీలోనే కునుకు తీస్తోంది. మామగారు ఆమె చేతిలో బకెట్టు కనిపిస్తే చాలు, లాక్కుంటున్నాడు.

"ఇన్నాళ్లకి పెళ్లాం మీద ప్రేమ పొంగిందమ్మా మీ మామకి," అనేది ఎంగ్. ఆయన చెవులు ఎర్రబడేవి.

జాడీ విప్పిన రోజు ఘుమఘుమలు వీధి దాకా వెళ్లాయి. ఫుయ్‌జిన్ చిన్న గిన్నెలో వడకట్టి తెచ్చింది. ఎంగ్ వాసన చూసి, తాగకుండా తిరిగి ఇచ్చేసింది.

"బంగారం నీ చెయ్యి. కొంచెం కూడా పులుపెక్కలేదు."

ఆ మెచ్చుకోలుకే కోడలికి కన్నీళ్లు ఆగలేదు. "ఎంత బాగుంటే ఏం లాభం అత్తయ్యా? తాగడానికి ఈ ఇంట్లో బాలింత ఏదీ? నా వల్ల కావట్లేదు. నన్ను తొందరపెట్టకండి."

ఎంగ్ తెల్లబోయింది. "నిన్ను తొందరపెట్టానా? పిచ్చిపిల్లా, ఇన్నాళ్లూ అదా మనసులో పెట్టుకున్నావు? నీ కాన్పు వేళకి జాడీ నేనే కలుపుతాను, నిన్ను గడప కూడా తొక్కనివ్వను. తప్పు నాదేలే. ఎలా చెప్పాలో తెలియక, సిగ్గేసి ఊరుకున్నాను."

"మరి ఇది ఎవరికి?"

గుమ్మంలో ఉన్న మామగారు హఠాత్తుగా దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఎంగ్ కోడలి చెయ్యి అందుకుని తన పొట్ట మీద పెట్టుకుంది.