హాల్డర్‌విక్ ఓట్లు

"బైబిలు మీద ఒట్టేసి చెప్తున్నా దొరగారూ. ఆ రొట్టెల్లో బంగారు నాణేలు పెట్టింది నేనే. ఈ చేతుల్తోనే పెట్టాను."

టాబిథా బైబిలు మీద అరచెయ్యి ఇంకాస్త గట్టిగా ఆనించింది.

లండన్ నుంచి వచ్చిన ముగ్గురు విచారణాధికారులూ చకచకా రాసుకున్నారు. హాలు కిక్కిరిసి ఉంది. ముందు వరసలో లార్డ్ పెన్‌రోక్, పక్కనే ఆయన దివాను క్రేక్. ఊళ్లో ఇళ్లూ కొట్లూ పొలాలూ అన్నీ కోటలో ఉండే ఆ ప్రభువువే.

"ఎవరు పెట్టమన్నారు?"

"అదిగో, ఆ మహానుభావుడే." టాబిథా వేలు క్రేక్ వైపు తిరిగింది. "ఓటున్న ఇంటికో రొట్టె. రొట్టెకో నాణెం."

క్రేక్ మొహం కందగడ్డయింది.

హాల్డర్‌విక్‌కి పార్లమెంటు సీటు వచ్చి ఇరవై ఏళ్లు. వేదికెక్కి, నలుగురూ వినేలా అభ్యర్థి పేరు చెప్పడమే ఓటు. కింద క్రేక్ ఎవరు ఎవరి పేరు చెప్పారో పుస్తకంలో రాసుకుంటూ కూర్చునేవాడు. టాబిథా మొగుడు ఇనాక్ గుర్రపు జీనులు కుట్టేవాడు. వెనకటి ఎన్నికల్లో ప్రభువు మనిషిని కాదని ఎదుటివాడి పేరు చెప్పాడు. వారం తిరక్కుండా, నడి జనవరిలో వాళ్ల సామాను మంచులో పడింది. ఊళ్లో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తెరిస్తే వాళ్లకీ అదే గతి. నాలుగో రోజు పొద్దున ఇనాక్ బండి కింద బిగుసుకుపోయి ఉన్నాడు.

"పోతూపోతూ ఊరికి మంచి పాఠమే చెప్పాడు మీ ఆయన," అన్నాడు క్రేక్, శవం ముందే.

టాబిథా ఏడవలేదు. ఓటు లేని ఆడదని కోట ఆమె జోలికి రాలేదు; రొట్టెల భట్టీలో పనికి కుదిరింది. అయిదేళ్లు పిండి పిసికింది. ప్రతి ముద్దా క్రేక్ పీకే అనుకుని పిసికింది.

ఈసారి ఎన్నికల్లో ప్రభువు కొడుకు నిలబడ్డాడు. రెండొందల పధ్నాలుగు ఓట్లూ అతనికే పడ్డాయి.

లంచాలిచ్చారంటూ పార్లమెంటుకి అర్జీ పెట్టించింది టాబిథానే. విచారణ జరుగుతుందనీ, లంచం తీసుకున్నట్టు ఒప్పుకుంటే శిక్ష ఉండదనీ చర్చి తలుపుకి కాగితం అంటించారు. ఆ నెలంతా ఆమె రొట్టెల బుట్టతో ఇల్లిల్లూ తిరిగింది. ఇనాక్ పేరెత్తితే మగాళ్లు తలలు దించుకున్నారు.

"ఒక్కణ్ణయితే గెంటారు. ఊరంతటినీ గెంటితే వాళ్లకి అద్దెలెవరిస్తారు?" అంది ప్రతి గుమ్మంలోనూ.

హాల్లో ఆమె తర్వాత కసాయి సైలస్ లేచాడు.

"నాకూ ముట్టిందండీ. ఆబగా కొరికితే పన్ను కదిలింది."

హాలు గొల్లుమంది. ఆపైన కమ్మరి, చెప్పులు కుట్టే అతను, గడియారాలాయన. రెండు రోజులపాటు వరస తెగలేదు.

"అబద్ధం!" అని ప్రభువు అరిస్తే జనం మళ్లీ నవ్వారు.

క్రేక్ ఇక ఉండబట్టలేకపోయాడు. "ఈ వెధవలకి బంగారమా? కళ్లెర్రజేస్తే చాలు, తోకాడిస్తూ ఓటేస్తారు! మాట విననివాణ్ణి మంచులోకి ఈడ్చిపారేస్తాం. ఇహ నాణేలెందుకు మాకు?"

ఎవరూ నవ్వలేదు.

"కాస్త నిదానంగా చెప్పండి, రాసుకోవాలి," అన్నాడు పెద్ద అధికారి.

మరుసటి వసంతానికి చట్టం వచ్చింది. ఊరంతా లంచాలు తిన్నదని హాల్డర్‌విక్ నియోజకవర్గం రద్దు. ప్రభువు కొడుకు పార్లమెంటు నుంచి ఇంటికొచ్చాడు. ప్రభువు ఆ కసి అంతా దివాను మీద తీర్చుకున్నాడు. జోరువానలో క్రేక్ పెట్టెలు వీధిలో పడ్డాయి.

టాబిథా, సైలస్ ఇద్దరూ భట్టీ గుమ్మంలో నిలబడి చూశారు.

"మన ఓట్లూ పోయాయి కదే," అన్నాడు సైలస్ దిగులుగా.

"ఎన్నడన్నా మీవయితే కదా అన్నా, పోవడానికి?"

క్రేక్ తడిసి ముద్దయి ఆమె ముందు ఆగాడు.

"నరకానికి పోతావే ముండా!"

"పోతాలే. అక్కడ వెచ్చగానైనా ఉంటుంది. మా ఆయనకి అదీ లేకుండా చేశావు."

ఆ ఎన్నికల్లో కోట నుంచి హాల్డర్‌విక్‌లో ఏ ఒక్కరికీ చిల్లిగవ్వ ముట్టలేదు.